చోంగ్‌చింగ్ హాట్‌పాట్: టోకెన్ దగ్గర్నుంచి బిల్లు దాకా నా అనుభవం

హాట్‌పాట్ అంటే టేబుల్ మీదే మరిగే పులుసులో పచ్చి ముక్కలు ముంచి, ఉడికించుకుని తినే భోజనం. చైనాలోని చోంగ్‌చింగ్ నగరంలో హాట్‌పాట్‌కి వెళ్దామనుకునే మనవాళ్లు మొదట అడిగేది కారం గురించే. ఆవకాయ తిని పెరిగాం, అదేం లెక్క అనుకుంటాం కూడా. అక్కడ ఇబ్బంది పెట్టేది కారం కాదు. ఒకటి నూనె, రెండోది టైము. ఏ ముక్క ఎంతసేపు ఉంచాలో తెలియకపోతే డబ్బులిచ్చి మరీ రబ్బరు నమిలి వస్తాం. నూనె సంగతి పట్టించుకోకపోతే మర్నాడు పొద్దున కడుపు చెబుతుంది. పచ్చి సరుకు, మరిగే పులుసు హోటల్ వాళ్లిస్తారు. వండుకోవడం మాత్రం మన పని.

మిర్చి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. గుంటూరు, ఖమ్మం యార్డుల నుంచి తేజ రకం ఎండుమిర్చి పెద్ద ఎత్తున చైనాకి ఎగుమతి అవుతుంది. హాట్‌పాట్ మసాలా ముద్దలు తయారుచేసేవాళ్లు ఘాటు కోసం దాన్ని వాడతారు. వాళ్ల సొంత ఎర్‌జింగ్‌త్యావ్ మిర్చిలో వాసన, రంగు ఎక్కువ, కారం తక్కువ. కాబట్టి ఆ ఎర్ర పులుసులో మంట కొంత మన పొలాలదే అయినా ఆశ్చర్యం లేదు.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య పేరున్న చోటికి వెళ్తే బయట ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చోవాల్సిందే. గుమ్మం దగ్గర ఎంతమందో చెబితే నంబరు చీటీ ఇస్తారు. చిన్న టేబుల్, పెద్ద టేబుల్ వరసలు వేరు. ముందున్న నంబర్లు చూసి భయపడకండి, మీ వరసలో ఎంతమంది ఉన్నారన్నదే లెక్క. పిలిచినప్పుడు లేకపోతే వరసలో వెనక్కి పోతారు. ఐదింటికే వెళ్తే ఈ గొడవేం ఉండదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాంబు దాడుల నుంచి తలదాచుకోవడానికి కొండలు తొలిచి కట్టిన సొరంగాల్లో కూడా ఇక్కడ హాట్‌పాట్ హోటళ్లున్నాయి. వేసవిలో లోపల చల్లగా ఉంటుంది, కానీ బట్టలకి పట్టే మసాలా వాసన రెట్టింపు. కోటు ఉంటే కుర్చీకి తగిలించకుండా కవరు అడగండి. ఏప్రాన్ ఎలాగూ ఇస్తారు. కట్టుకోండి, ఎర్ర నూనె మరక ఉతికినా పోదు.

టేబుల్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. వీచాట్‌తోగానీ అలీపేతోగానీ (చైనాలో డబ్బు కట్టడానికి వాడే యాప్‌లు) స్కాన్ చేస్తే ఎంతమందని అడిగి మెనూ తెరుస్తుంది. అంతా చైనీసే. స్క్రీన్‌షాట్ తీసి అనువాదం చేసుకుంటే పని జరుగుతుంది, వంటకాల పేర్లు మాత్రం తమాషాగా వస్తాయి, కాబట్టి పేరు వదిలేసి ఫొటో చూసుకోవాలి. ఒకే టేబుల్‌లో నలుగురూ స్కాన్ చేస్తే నలుగురిదీ ఒకే బుట్ట. ఇద్దరు అదే ప్లేటు నొక్కితే రెండు వస్తాయి. ఒక్కరి ఫోన్ తెరిచి ఉంచి మిగతావాళ్లు నోటితో చెప్పడం మేలు.

ఎన్ని ప్లేట్లు ఆర్డర్ చెప్పాలి? మనుషుల లెక్కకి రెండింతలు ప్లేట్లు, పైన ఒకటో రెండో. నలుగురికి తొమ్మిది పది. ముందు ఆరు చెప్పి, తినేకొద్దీ కలపడం ఇంకా మంచిది. చాలాచోట్ల సగం ప్లేటు కూడా ఇస్తారు. సగం ప్లేట్లు పది తీసుకుంటే రకాలన్నీ రుచి చూడొచ్చు.

మొదట ఎంచుకోవాల్సింది కుండ. సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

చోంగ్‌చింగ్ అసలు రకం తొమ్మిది గడులది, జ్యుగోంగ్‌గే అంటారు. వెడల్పాటి గుండ్రటి పాత్రలో లోహపు చట్రం దింపుతారు. ఆ చట్రానికి అడుగు ఉండదు, కింద పులుసంతా ఒకటే. యాంగ్‌త్సే, జ్యాలింగ్ నదులు కలిసే చావ్‌థ్యన్‌మెన్ రేవులో పనిచేసే కూలీలు చవగ్గా దొరికే పేగులు, పొట్ట ముక్కలు ఇలా మసాలాలో ఉడికించుకుని తినేవారని, ముక్కూ ముఖం తెలియనివాళ్లు ఒకే కుండ చుట్టూ కూర్చుని ఎవరి గడిలో వాళ్లు వండుకునేవారని చెబుతారు. గడులు అందం కోసం కాదు. మంట నడిమి గడి కింద ఉంటుంది కాబట్టి అక్కడ పులుసు తెర్లుతూ ఉంటుంది. దాని నాలుగు పక్కల గడుల్లో ఓ మోస్తరు మరుగు. నాలుగు మూలల్లో తుకతుక మాత్రమే. క్షణాల్లో తీసేయాల్సినవి నడిమి గడిలో, ఐదారు నిమిషాలు పట్టేవి పక్క గడుల్లో, పావుగంట నానుతూ ఉడకాల్సినవి మూలల్లో. ఇది తెలిస్తే సగం పని వచ్చినట్టే.

ఆ ఎర్ర పులుసులో ప్రధానంగా ఉండేది గొడ్డు కొవ్వు. న్యోయో అంటారు. అందులో ఎండుమిర్చి, హ్వాజ్యావ్ గింజలు (నాలుకని తిమ్మిరెక్కించే మసాలా), పీష్యన్ ఊరి దోబాన్ ముద్ద (మిర్చి, బఠానీ జాతి గింజలు పులియబెట్టింది), పులిసిన నల్ల సోయా గింజలు, అల్లం, వెల్లుల్లి వేయిస్తారు. మంచి చోట కొవ్వు అచ్చును మన కళ్లముందే కవరు చింపి పాత్రలో వేస్తారు. ఒకప్పుడు మిగిలిన నూనెను వడగట్టి మళ్లీ వాడే అలవాటు ఉండేది. ఇప్పుడది చట్టవిరుద్ధం. ఒకసారి వాడి పారేసే పులుసని బోర్డు పెట్టుకునే హోటళ్లు అందుకే.

గొడ్డుమాంసం తిననివాళ్లు ఇక్కడే ఆగి అడగాలి. కోడి, చేప, కూరగాయలు మాత్రమే చెప్పి, అవన్నీ ఆ కొవ్వులోనే ముంచి తింటే ఏం లాభం? మాంసం ప్లేటు మానేస్తే సరిపోదు, పులుసే మార్చాలి. ‘ఛింగ్‌యో’ అని అడిగితే ఆవనూనె జాతి నూనెతో చేసిన ఎర్ర పులుసు ఇస్తారు. పక్కనున్న ఛెంగ్దూలో ఇది తేలిగ్గా దొరుకుతుంది, చోంగ్‌చింగ్ పాత హోటళ్లలో తక్కువ. ‘బూ యావ్ న్యోయో’ అంటే గొడ్డు కొవ్వు వద్దని. ఫోన్‌లో చైనీస్‌లో రాసిపెట్టుకుని చూపించడం ఇంకా సేఫ్, మన ఉచ్చారణ వాళ్లకి అందకపోవచ్చు.

పూర్తి శాకాహారులకి ఇంకో మెలిక ఉంది. కారం లేని తెల్ల పులుసు కూడా ఉంటుంది, తెల్లగా ఉంది కదా అని దాన్ని నమ్మకూడదు. మామూలుగా అది కోడి లేదా పంది ఎముకలు మరిగించిన నీరు. పుట్టగొడుగుల పులుసు, టమాటా పులుసు కూడా చాలాసార్లు ఎముకల నీటితోనో చికెన్ పొడితోనో చేస్తారు. ఉన్నవాటిలో నమ్మదగింది మామూలు నీళ్లే. 1994లో సిచువాన్‌లోని జ్యన్‌యాంగ్‌లో మొదలైన హైదిలావ్ లాంటి పెద్ద గొలుసు హోటళ్లలో నాలుగు గదుల పాత్ర ఇస్తారు, గదుల మధ్య గోడ పూర్తిగా అడుగుదాకా ఉంటుంది. ఒక గదిలో మామూలు నీళ్లు పోయించుకుని అల్లం, ఉల్లికాడలు, టమాటా ముక్కలు, పుట్టగొడుగులు వేసుకుంటే పావుగంటలో మన పులుసు మనకి సిద్ధం. అయినా పక్క గదిలో మాంసం ఉడుకుతుంటే చుక్కలు చిమ్ముతాయి. ఆచారం గట్టిగా పాటించేవాళ్లు మనిషికో చిన్న కుండ ఇచ్చే హోటల్ చూసుకోవడమే మేలు.

మిగతావాళ్లకి నా సలహా యువాన్‌యాంగ్ పాత్ర, అంటే సగం ఎరుపు, సగం తెలుపు. దీన్ని చోంగ్‌చింగ్ వాళ్లు కొంచెం చిన్నచూపు చూస్తారు. చూడనివ్వండి. ఆకుకూరలు ఎక్కడ ఉడికిస్తారు మరి?

కారం స్థాయి అడిగినప్పుడు ‘వెయ్‌లా’ అనండి, అతి తక్కువ అని. బయటి ఊళ్లలో మధ్యస్థం ఎంతో ఇక్కడ వెయ్‌లా అంత ఉంటుంది. కారం ఓర్చుకునే నాలుక ఉన్నా హ్వాజ్యావ్ తిమ్మిరి మనకి అలవాటు లేనిది. కొంకణ్ వైపు చేపల కూరలో వేసే త్రిఫల్‌కి ఇది దగ్గరి చుట్టం. ఇందులోని సాన్షూల్ అనే పదార్థం మంట పుట్టించడం కంటే స్పర్శ నాడుల్ని కదిలిస్తుంది. పెదవుల మీద సెకనుకి 50 సార్లు కంపించినట్టు ఉంటుందని లండన్‌లో 2013లో ప్రయోగం చేసి కొలిచారు. గింజ పంటికింద పడితే రెండు మూడు నిమిషాలు ఇంకేం రుచి తెలియదు. ముక్క మీద అంటుకున్న గింజల్ని గిన్నె అంచుకి దులిపి తినాలి.

ముంచుకునే గిన్నె దగ్గర ఇంకో తికమక. సాస్ బల్ల మీద ఇరవై ముప్ఫై రకాలుంటాయి. అన్నీ తలా కాస్త వేసుకుంటే ఏ రుచీ ఉండదు. ఎర్ర పులుసుకి అక్కడి పద్ధతి ఇదే: ఒక చిన్న డబ్బా నువ్వుల నూనె, రెండు చెంచాల దంచిన వెల్లుల్లి, కొత్తిమీర, చిటికెడు ఉప్పు, ఇష్టమైతే అరచెంచా ఆయిస్టర్ సాస్, నాలుగు చుక్కల నల్ల వెనిగర్. ఇది వేయించిన నువ్వుల వాసనతో ఉండే నూనె, మన పప్పునూనె రుచి ఊహించుకోకండి. నూనెలోంచి తీసింది మళ్లీ నూనెలో ముంచడమేంటని అనిపిస్తుంది. మరుగుతున్న ముక్క ఆ గిన్నెలో పడగానే వేడి తగ్గుతుంది, అంటుకున్న మసాలా నూనె కొంత అందులో జారిపోతుంది. నాలుక కాలకుండా కాపాడేది అదే. గిన్నె ఎర్రబడితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. కారం ఇంకా కావాలనేవాళ్లకి పొడి గిన్నె ఉంటుంది: మిర్చిపొడి, హ్వాజ్యావ్ పొడి, దంచిన వేరుశనగ. వేరుశనగ, నువ్వులు, సోయా పడనివాళ్లు ఈ బల్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఒకే గరిటె అన్నిట్లో తిరుగుతుంది.

ఇప్పుడు వంట. పులుసు పూర్తిగా మరిగేదాకా ఏదీ వేయొద్దు. ఎర్ర పులుసు మోసం చేస్తుంది. పైన తేలే నూనె పొర ఆవిరిని పైకి రానివ్వదు, అందుకే చల్లగా ఉన్నట్టు కనిపిస్తూనే లోపల సలసలా కాగుతుంటుంది. బుడగలు నూనె పొరను చీల్చుకుని రావాలి. తెల్ల పులుసు ఉంటే మాంసం వేయకముందే ఒక గిన్నెడు తీసుకుని ఉల్లికాడలు, ఉప్పు వేసుకుని తాగేయండి. తరవాత అది తాగేటట్టు ఉండదు. ఎర్రది ఎప్పుడూ తాగేది కాదు.

మావ్‌దూ ఇక్కడ రాజు. పశువు పొట్టలో పొరలు పొరలుగా ఉండే భాగం, ఒక్కో పొర విడదీసి ఐసు మీద పరిచి తెస్తారు. మన బోటీ తెలిసినవాళ్లకి పొట్ట అంటే కుక్కర్లో ఎన్నో విజిల్స్. ఇక్కడ 15 సెకన్లు. చాప్‌స్టిక్స్‌తో గట్టిగా పట్టుకుని నడిమి గడిలో ముంచాలి, ఎత్తాలి, మళ్లీ ముంచాలి. ఏడుసార్లు పైకి, ఎనిమిదిసార్లు కిందికి అని వాళ్ల లెక్క. అంచులు ముడుచుకుని, మీదున్న చిన్న బుడిపెలు నిక్కబొడుచుకుంటే అయినట్టే. కరకరలాడుతుంది. అర నిమిషం దాటితే కండ బిగుసుకుపోతుంది, ఇక నమిలినా తెగదు. మళ్లీ మెత్తబడాలంటే గంటకి పైగా ఉడకాలి, అందుకు ఎవరూ ఆగరు. చాప్‌స్టిక్స్ వదిలేశారా, ఆ ముక్క మీది కాదు, పులుసుది. గొడ్డు వద్దనుకునేవారికి బాతు పేగు ఉంది, యాచాంగ్. పద్ధతి అదే, 10 నుంచి 15 సెకన్లు, చుట్టుకుపోగానే తీసేయాలి.

పల్చగా చుట్టలుగా వచ్చే కొవ్వు మాంసం రంగు మారితే చాలు, 20, 30 సెకన్లు. ఒక్కసారి ప్లేటంతా గుమ్మరించకూడదు. గడ్డకట్టిన మాంసం పులుసు వేడిని దించేస్తుంది, ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, బయట ముదిరి లోపల పచ్చిగా ఉంటుంది. మిర్చిపొడి, పిండి పట్టించిన మెత్తటి మాంసం ముక్కలకి రెండు మూడు నిమిషాలు. వేసిన వెంటనే కలిపితే పట్టించినదంతా ఊడి పులుసులో కలుస్తుంది, అరనిమిషం కదపకండి. పల్చటి చేప ముక్కలకి రెండు నిమిషాలు, జాలిగరిటెలో పెట్టే ఉంచాలి, లేకపోతే విరిగి మాయమవుతాయి. రొయ్యల ముద్దను చెంచాతో ఉండలుగా జారవిడిచి, తేలాక ఇంకో నిమిషం ఉంచాలి, మొత్తం నాలుగైదు నిమిషాలు. కోడి, పంది మాంసం విషయంలో సెకన్ల లెక్క పనికిరాదు. లోపలిదాకా ఉడికిందని విరిచి చూశాకే తినాలి.

బాతు రక్తం ముక్కలు, పంది మెదడు లాంటివి మూల గడుల్లోకి. రక్తానికి ఏడెనిమిది నిమిషాలు, మెదడుకి జాలిగరిటెలో పది పన్నెండు. మెదడు చాలామందికి నచ్చదు, నాకూ నచ్చదు, కానీ ఎదుటివాళ్లు చెప్పుకుంటే మూల గడి వాళ్లకి వదిలేయండి.

కూరగాయలు చివర్న. బంగాళదుంప చక్రాలకి మూడు నాలుగు నిమిషాలు, తామర దుంపకి ఐదు, బూడిదగుమ్మడికి ఎనిమిది. దుంపలు ముందే వేస్తే పిండి దిగి పులుసు చిక్కబడుతుంది, అడుగంటుతుంది, మాడిన వాసన చివరిదాకా వదలదు. వెడల్పాటి దుంపపిండి సేమియా మరీ ప్రమాదం, పది నిమిషాలైనా పడుతుంది, అడుగున అతుక్కుంటుంది. జాలిగరిటెలో వేసి అంచున నిలబెట్టాలి. ఆకుకూరలు, గడ్డకట్టించిన టోఫు (సోయా పాల పనీరు), వేయించిన టోఫు ఎర్ర పులుసులో వేయకండి. టోఫు రంధ్రాల్లో, ఆకు మడతల్లో నూనె నిండిపోతుంది. ఒక్క పాలకూర మడతలో వచ్చే కారం నాలుగు మాంసం ముక్కలకి రాదు. కొత్తగా వెళ్లి, కారం వద్దని కూరగాయలే తిని, అందరికంటే ఎక్కువ ఏడ్చేది ఇలాగే. పచ్చి బీన్స్ మాత్రం పది నిమిషాలు పూర్తిగా ఉడకాలి, సగం ఉడికినవి వాంతులు చేయిస్తాయి.

పచ్చి మాంసం ముట్టుకున్న చాప్‌స్టిక్స్‌తోనే తినడం పెద్ద తప్పు, అక్కడివాళ్లు కూడా చేస్తుంటారు. రెండో జత అడగండి, ఇస్తారు. తెల్ల పులుసు మీద వచ్చే బూడిదరంగు నురగ మాంసం నుంచి దిగేది, ఎప్పటికప్పుడు తీసేయాలి. అరగంట గడిచేసరికి నీరు ఆవిరై రెండు పులుసులూ ఉప్పెక్కుతాయి. ‘జ్యా థాంగ్’ అంటే వచ్చి పోస్తారు. మీరే తాగే నీళ్లు పోస్తే కాగే నూనె చిమ్ముతుంది. అందరూ తినేటప్పుడు మంట తగ్గించడం గుర్తుపెట్టుకోండి, మీట టేబుల్ అంచు కింద ఉంటుంది.

మంటెక్కితే నీళ్లు పనిచేయవు, కారం నీళ్లలో కరగదు. అక్కడ సీసాల్లో దొరికే సోయా–గింజల పాలు, పుల్లటి ప్లమ్ పానకం, బెల్లపు పాకం పోసిన బింగ్‌ఫెన్ అనే చల్లటి జెల్లీ పనిచేస్తాయి. మొదట్లోనే ఒక ప్లేటు గుడ్డు ఫ్రైడ్ రైస్ చెప్పుకుని నాలుగు ముద్దలు తినడం చోంగ్‌చింగ్ అలవాటే. ఖాళీ కడుపులో ఆ కొవ్వు పడకుండా ఉంటుంది, మనకీ అన్నం తిన్నట్టుంటుంది.

ఈ నూనె గొడవంతా వద్దనుకునేవాళ్లకి బీజింగ్ పద్ధతి ఉంది. మధ్యలో పొగగొట్టం ఉన్న రాగి పాత్ర, బొగ్గులు, అల్లం, ఉల్లికాడలు వేసిన నీళ్లు, పల్చటి గొర్రె మాంసం, నువ్వుల ముద్ద చట్నీ, తీపి వెల్లుల్లి ఊరగాయ. 1903లో మొదలైన దొంగ్‌లైషున్ దీనికి పేరున్న చోటు. మటన్ ఇష్టపడేవాళ్లకి నేనైతే ముందు ఇదే చెబుతాను.

బిల్లులో పులుసు ధర, ప్లేట్లు, మనిషికి ఇంతని సాస్ బల్ల, కొన్నిచోట్ల టీ, టిష్యూలు విడివిడిగా ఉంటాయి. మామూలుగా మనిషికి 80 నుంచి 130 యువాన్లు, యువాన్ సుమారు 12 రూపాయలు అనుకుంటే వెయ్యీ వెయ్యిన్నర. టిప్పు అలవాటు లేదు. ముట్టని ప్లేట్లు, మూత తీయని సీసాలు చాలాచోట్ల వెనక్కి తీసుకుంటారు, బిల్లు కట్టకముందే చెప్పాలి. అలీపేకి మన వీసా, మాస్టర్‌కార్డ్ కలుపుకోవచ్చు, కానీ ఒక చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుం పడుతుంది. నలుగురు వెళ్తే ఎవరి వాటా వాళ్లు విడిగా కడతామని కౌంటర్లో చెప్పండి, ఆ రుసుం తప్పుతుంది. నగదు ఇచ్చినా తీసుకుంటారు, చిల్లర కోసం మాత్రం కాసేపు నిలబెడతారు.